చెన్నపట్నం నుంచి అండమాన్‌కు ఓడ ప్రయాణం



బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు పుట్టి పెరిగిన మనకు నీళ్ళంటే చెరువు, బావి, బోరు. అంతే. చెరువు నిండిన సంవత్సరం పండగ, నిండని సంవత్సరం బోరుబావి. అది వెయ్యి అడుగులు దాటినా ఒక్కోసారి దుమ్మే తప్ప తడి రాదు. ఇట్లాంటి సీమలో ఉండి సముద్రం గురించి మాట్లాడటం ఏమిటని మీరనుకోవచ్చు. కానీ మన నందికొండ చుట్టుపక్కల పుట్టే ఏర్లను ఒకసారి తలుచుకోండి. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి. చిత్రావతి బాగేపల్లి మీదుగా పోయి, ఉత్తర పినాకినిలో, అంటే పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి, పాలారు చెన్నైకి దక్షిణాన, దక్షిణ పినాకిని కడలూరు దగ్గర, అన్నీ చివరకు బంగాళాఖాతంలోనే కలుస్తాయి. అంటే మన గడ్డమీద పడి ఇంకిపోకుండా మిగిలిన ప్రతి చుక్కా ఎప్పుడో ఒకప్పుడు ఆ సముద్రానికే చేరవలసింది. మనం చూడకపోయినా మన నీళ్ళు సముద్రాన్ని చూస్తున్నాయి.

ఈనాటి నా ప్రసంగం ఆ సముద్రం మీద ప్రయాణం గురించి. చెన్నపట్నం రేవులో ఓడ ఎక్కి, మూడు రోజులు నీళ్ళమీద పోయి, అండమాన్ దీవుల్లో దిగే ప్రయాణం గురించి.

ముందు లెక్కలు చెబుతాను. అండమాన్, నికోబార్ దీవులు బంగాళాఖాతానికి తూర్పు చివర ఉన్నాయి. చిన్నా పెద్దా కలిపి అయిదు వందలకు పైగా దీవులు. వాటిలో మనుషులుండేవి నలభైకి లోపే. వీటి రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టింది. మన భూభాగం నుంచి అక్కడికి మూడు రేవుల నుంచి ప్రయాణికుల ఓడలు పోతాయి. కలకత్తా నుంచి 1,255 కిలోమీటర్లు, విశాఖపట్నం నుంచి 1,200 కిలోమీటర్లు, చెన్నై నుంచి 1,190 కిలోమీటర్లు. మనకు దగ్గర చెన్నై. చింతామణి వాళ్ళు కోలారు మీదుగా బంగారుపేటకు పోతే చెన్నై రైలు అందుతుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి వాళ్ళు బెంగుళూరు పోయి రైలెక్కవచ్చు. ఇంకో సంగతి. చిక్కబళ్ళాపురం, చెన్నపట్నం రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, పదమూడు డిగ్రీలకు కాస్త పైన ఉన్నాయి. మన ఇంటి వాకిట్లో తూర్పుముఖంగా నిలబడి ముక్కుసూటిగా పోతే చెన్నపట్నమే వస్తుంది.

మీలో కొందరు అడగవచ్చు. దేవనహళ్ళి విమానాశ్రయం మన గుమ్మం ముందే ఉంది కదా, 2008 నుంచి నడుస్తోంది కదా, రెండున్నర మూడు గంటల్లో అండమాన్‌లో దిగేదానికి మూడు రోజులు ఓడలో పడి ఉండటం దేనికి అని. న్యాయమైన ప్రశ్నే. తొందర పని ఉన్నవాళ్ళకు, జబ్బుమనిషికి, నాలుగు రోజులే సెలవున్న ఉద్యోగికి విమానమే సరైనది. కానీ దేశం ఎంత పెద్దదో విమానంలో తెలియదు. కిటికీలోంచి మబ్బు కనిపిస్తుంది, ఒక నిద్ర తీసేలోగా దిగమంటారు. ఓడలో ఒక్కొక్క మైలూ లెక్కకు వస్తుంది. ఇంకా ముఖ్యమైన కారణం ఒకటుంది. ఓడలో మనతోబాటు ప్రయాణం చేసేవాళ్ళు ఎవరన్నది. ఆ మాట తరువాత చెబుతాను.

నేను మా ఇంటివాళ్ళతో కలిసి 2018 ఏప్రిల్‌లో, వేసవి సెలవులు ఇవ్వగానే ఈ ప్రయాణం చేశాను. మా తరగతిలో ఏటా సముద్రపు పాఠం చెబుతాను. ఆటుపోట్లు, ఉప్పు, రేవులు, ప్రవాహాలు. సముద్రం చూసినవాళ్ళు చెయ్యెత్తండి అంటే పదిమందిలో ఇద్దరెత్తితే ఎక్కువ. పిల్లలు చూడకుండానే రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. చెప్పే పంతులైనా దాని మీద మూడు రోజులుండి వస్తే పాఠంలో ప్రాణం ఉంటుందనిపించింది.

ఓడ టిక్కెట్టు బస్సు టిక్కెట్టులాంటిది కాదు. రోజూ ఓడ ఉండదు. నెలకు కొన్ని ప్రయాణాలే. ఏ తేదీన బయలుదేరేదీ కొద్ది వారాల ముందే ప్రకటిస్తారు. గాలివాన వచ్చినా, ఓడ మరమ్మతుకు వెళ్ళినా తేదీ మారుతుంది. గుర్తింపు కార్డు తప్పనిసరి. దీవుల్లో స్థిరపడినవాళ్ళకు వేరే కార్డు ఉంది, వాళ్ళకు ఛార్జీ తక్కువ, వాళ్ళకోసం కొన్ని చోట్లు విడిగా ఉంచుతారు. అది ధర్మమే. మనకది విహారం, వాళ్ళకది ఇంటిదారి. తరగతులు నాలుగు రకాలు. డీలక్స్ కేబిన్, మొదటి తరగతి, రెండో తరగతి, అన్నిటికంటే చౌకైనది బంక్. బంక్ అంటే ఓడ కింది అంతస్తులో పెద్ద హాలు, రైల్లో స్లీపరు పెట్టెలాగ ఒకదానిమీద ఒకటి పడకలు. దుప్పటి మనమే తీసుకుపోవాలి. ఏ తరగతి వాళ్ళయినా పై డెక్కుమీదికి పోయి గాలి పీల్చుకోవచ్చు.

రేవులో మొదటిసారి ఓడను దగ్గరగా చూసినప్పుడు అది ఓడ అనిపించదు, ఒక పెద్ద భవనం నీళ్ళలో నిలబెట్టినట్టు ఉంటుంది. అండమాన్‌కు నడిచే పెద్ద ఓడలు పన్నెండు వందలమందిని ఎక్కించుకోగలవు. అంటే మన వైపు ఒక మోస్తరు పల్లెను, పిల్లాజెల్లాతో సహా, ఒక్కసారిగా లేపుకుపోగలవు. వీటిలో స్వరాజ్ ద్వీప్ అనే ఓడ విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారై 1999లో నీటి మీదికి వచ్చింది. అదే కర్మాగారంలో కట్టిన జల ఉష అనే ఓడను 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి వదిలారు. స్వతంత్రం వచ్చిన ఏడాదిలోపే తెలుగుతీరంలో అంత పని జరిగిందన్నది మన పిల్లలకు చెప్పవలసిన విషయం.

ఒక ప్రశ్న ప్రతి ఏడాదీ ఏదో ఒక పిల్లవాడు అడుగుతాడు. గుండుసూది నీళ్ళలో వేస్తే మునుగుతుంది కదా సార్, అంత ఇనుము ఎట్లా తేలుతుంది అని. జవాబు ఇచ్చినవాడు రెండువేల రెండు వందల ఏళ్ళకిందటి గ్రీకు పండితుడు ఆర్కిమిడీస్. ఒక వస్తువు నీళ్ళలో దిగినప్పుడు ఎంత నీటిని పక్కకు నెడుతుందో, అంత నీటి బరువుతో నీరు దాన్ని పైకి నెడుతుంది. గుండుసూది నెట్టే నీళ్ళు తక్కువ, దాని బరువు ఎక్కువ. ఓడ లోపల గుల్ల, చుట్టూ ఇనుప రేకు. అది నెట్టే నీళ్ళ బరువు దాని మొత్తం బరువుకు సరిపోతుంది. మన ఇళ్ళల్లో తొట్టిలో ఇత్తడి చెంబు తేలడం చూస్తూనే ఉంటాం. అదే చెంబులో నీళ్ళు నింపితే మునుగుతుంది. ఓడకూ అదే ధర్మం. అందుకే ఓడ పక్కన నీటి మట్టానికి ఒక గీత గీసి ఉంటుంది. ఆ గీత మునిగేటంత బరువు ఎక్కించకూడదని చట్టం.

సాయంకాలం ఓడ కదిలింది. కుదుపు లేదు, మోత లేదు. ఒడ్డు మననుంచి జరిగిపోతున్నట్టు ఉంటుంది. చెన్నై దీపాలు ఒక గంటసేపు కనిపిస్తాయి, తరువాత ఒక వెలుగురేఖ, ఆ తరువాత ఏమీ ఉండదు. సెల్‌ఫోనులో గీతలు ఒక్కొక్కటే తగ్గి పూర్తిగా పోతాయి. ఆ రాత్రి ఫోను పనిచేయదని తెలిసి హాలులో అందరి ముఖాల్లో ఒక విధమైన నెమ్మది కనిపించింది. పక్కవాడితో మాట్లాడటం తప్ప వేరే పని లేదు కదా.

మరునాటినుంచి నీటి రంగు చూడాలి. రేవు దగ్గర మట్టిరంగు కలిసిన పచ్చ. దాటితే నీలం. నడి సముద్రంలో ఆ నీలం ముదిరి నల్లసిరా రంగు అవుతుంది. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు. మన నందికొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. ఆ నడుమ నందికొండను తెచ్చి నిలబెడితే శిఖరం మీద ఇంకా వెయ్యి మీటర్లకు పైగా నీళ్ళుంటాయి. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఒక్క నిమిషం నోరు మెదపరు. పుస్తకంలో అంకె చదివితే తెలియని లోతు, నందికొండతో కొలిస్తే తెలుస్తుంది.

ఓడ వేగం గంటకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లు. మన కుర్రాళ్ళు సైకిలు గట్టిగా తొక్కితే పోయే వేగం. కానీ ఓడ టీ తాగడానికి ఆగదు, రాత్రి నిద్రపోదు. అందువల్ల యాభై నుంచి అరవై గంటల్లో గమ్యం చేరుతుంది. దారిలో చూడటానికి ఏముంటుందంటే, ఓడ అంచుకు చీలిన నీళ్ళలోంచి ఎగిరి పిచ్చుకల గుంపులాగ పోయి మళ్ళీ మునిగే ఎగిరే చేపలు. అదృష్టముంటే డాల్ఫిన్లు. అవి లేనప్పుడు గుండ్రని దిగంతం. ఏ దిక్కు చూసినా ఒకే గీత. మెట్టభూముల్లో, బండలమధ్య పెరిగిన కంటికి అంత ఖాళీ చోటు చూడటమే ఒక అనుభవం.

కొందరికి కడుపులో తిప్పుతుంది. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. చెవి లోపల మన తూకాన్ని చూసుకునే చిన్న అవయవం ఒకటుంది. అది ఊగుతున్నామంటుంది, కన్ను గోడను చూసి కదలటం లేదంటుంది. ఈ రెండింటి తగాదా కడుపు మీద పడుతుంది. డెక్కు మీదికి వచ్చి దూరంగా ఆ గీతను చూస్తూ నిలబడితే కంటికీ చెవికీ రాజీ కుదురుతుంది. కడుపునిండా తినకుండా కొద్దికొద్దిగా తినాలి. ఏప్రిల్‌లో సముద్రం మెత్తగా ఉంటుంది కనుక మావాళ్ళకు ఒక పూటతో తీరిపోయింది.

మనకు బాగా అర్థమయ్యే విషయం ఒకటి ఓడలో చూశాను. చుట్టూ లెక్కలేనంత నీరు. కానీ తాగడానికి, స్నానానికి మంచినీళ్ళు మాత్రం ఓడ తనతో మోసుకుపోయినవే, జాగ్రత్తగా వాడవలసినవే. పట్నం నుంచి వచ్చిన ప్రయాణికులు కొందరు కుళాయి తిప్పి వదిలేస్తుంటే మా ఇంటివాళ్ళు పోయి కట్టివేసి వచ్చారు. ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టిన ఊళ్ళవాళ్ళం, ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు పచ్చబడినవాళ్ళం. నీటికి మర్యాద చేయడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

మా అమ్మాయి ఒక పని పెట్టుకుంది. రోజూ సూర్యోదయం గడియారంలో చూసి నోటుబుక్కులో రాసింది. మొదటి ఉదయం 5 గంటల 45 నిమిషాలకు. రెండో ఉదయం 5 గంటల 25 నిమిషాలకు. మూడో ఉదయం 5 గంటలు దాటిన కొద్ది నిమిషాలకే. గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం రోజూ ముందుకు జరుగుతున్నాడు. కారణం మీకు తెలిసిందే. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. బాగేపల్లి దాదాపు 78వ రేఖాంశం మీద ఉంది, పోర్ట్ బ్లెయిర్ దాదాపు 93వ రేఖాంశం మీద. తేడా పదిహేను డిగ్రీలు, అంటే సరిగ్గా ఒక గంట. మనకు తెల్లవారే సరికి అక్కడ పిల్లలు బడికి తయారవుతుంటారు. అక్కడ సాయంకాలం అయిదున్నరకు చీకటి పడుతుంటే మన ఊళ్ళో ఆవులు ఇంకా మేత దగ్గరే ఉంటాయి. ఒకే దేశం, ఒకే గడియారం, ఒక గంట తేడాతో ఇద్దరు సూర్యులు. ఈ ఒక్క నోటుబుక్కు పేజీ మా బడిలో భూగోళ పాఠానికి ఇప్పటికీ పనికివస్తోంది.

ఇప్పుడు ఓడలో మనతో ఎవరు ప్రయాణం చేస్తారన్న మాట. విహారానికి వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఎక్కువమంది దీవుల్లో బతికేవాళ్ళు. కట్టుబడి కూలీలు, చేపల పనివాళ్ళు, చెన్నైలో వైద్యం చేయించుకొని తిరిగి పోతున్నవాళ్ళు, కాలేజీ సెలవులకు ఇంటికి పోయే విద్యార్థులు. రెండో రోజు మా పక్క పడకమీద ఉన్న ఒక పెద్దామెను నేను, "అవ్వా, మజ్జిగ తాగుతావా?" అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీదే ఊరు బావూ? తెలుగే మాటాడతన్నావు గానీ యాస ఏటో కొత్తగా ఉంది" అంది. మాది కర్ణాటకంలో చింతామణి దిక్కు అంటే ఆమె నమ్మలేదు. "కర్ణాటకంలో తెలుగోలుంటారేటి?" అని నవ్వింది. ఆమెది శ్రీకాకుళం జిల్లా తీరం. పెళ్ళయిన కొత్తలో భర్తతో దీవికి పోయింది. ఆయన చేపల పని. పిల్లలు, మనవలు అక్కడే పుట్టారు. మేము "యాడికి" అంటే ఆమె "ఎక్కడికి బావూ" అని సరిచేసేది. ఆమె "ఏటి" అంటే మా అమ్మాయి "ఏమి" అని నవ్వేది. మూడు రోజుల్లో ఒకరి మాట ఒకరికి అలవాటయింది.

ఆమె చెప్పిన ఒక్క సంగతి ఇక్కడ చెబుతాను. ఆమె తల్లి పోయిన రోజు కబురు అందింది. కానీ తుఫాను. ఓడలు కదలలేదు. విమానానికి డబ్బు లేదు. సముద్రం సర్దుకొని, ఓడ కదిలి, ఈమె ఊరు చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. "మీకు బస్సు తప్పితే ఇంకో బస్సు బావూ. మాకు ఓడ తప్పితే మనిషే తప్పిపోతాడు" అంది. ఏడవలేదు. మామూలుగా చెప్పి, మజ్జిగ గ్లాసు కడిగి తెచ్చి ఇచ్చింది.

ఈ మాట విన్నాక ఓడ ఛార్జీలో వాళ్ళకు రాయితీ ఎందుకు ఇస్తారో నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దీవికి బియ్యం, ఉల్లిగడ్డలు, సిమెంటు, ఇనుము ఓడలోనే రావాలి. పెళ్ళికూతురు ఓడలో రావాలి. పెద్ద జబ్బు చేస్తే చెన్నైకి పోవాలి. మనకు రోడ్డు ఎట్లాంటిదో వాళ్ళకు ఓడ అట్లాంటిది. ఊరికి రోడ్డు వేయడానికి లాభనష్టాలు చూడరు కదా. అట్లాగే ఓడకూ చూడకూడదు.

ప్రపంచంలో దీవుల దేశాలన్నీ ఈ సత్యాన్ని ఒప్పుకున్నవే. ఆర్కిమిడీస్‌ పేరు చెప్పుకున్నాం కనుక గ్రీసు దేశాన్నే తీసుకుందాం. అక్కడ మనుషులుండే దీవులు రెండు వందలకు పైగా. రాజధాని ఏథెన్సు పక్కనే పిరయస్ అనే రేవు. అక్కడినుంచి మన బస్టాండులో బస్సులు బయలుదేరినట్టు దీవులకు ఓడలు పోతుంటాయి. మనుషులతోబాటు లారీలు, కార్లు కూడా ఓడ కడుపులోకి ఎక్కుతాయి. క్రీటు అనే పెద్ద దీవికి రాత్రి ఓడ ఎక్కితే తెల్లారి దిగవచ్చు. దూరాలు తక్కువ కనుక అక్కడ అది సాధ్యం. మన అండమాన్ దూరం దానికి మూడు నాలుగు రెట్లు. నడుమ ఆగి నీడకు నిలబడటానికి ఒక్క దీవీ లేదు. అందుకే మన ఓడ ప్రయాణం వాళ్ళదానికంటే కష్టం, మన నావికుల పని వాళ్ళకంటే గట్టిది.

అండమాన్‌లో తెలుగువాళ్ళ సంఖ్య వింటే మీరు ఆశ్చర్యపోతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు నూటికి పదమూడుమంది, దాదాపు యాభై వేలు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం తెలుగుదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి పోయినవాళ్ళు. అంతకుముందు వాళ్ళ తాతలు రంగం పోయేవాళ్ళు. రంగమంటే రంగూను. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరే వాళ్ళ పేరయింది. అంటే సముద్రం దాటి బతకడం తెలుగుజాతికి కొత్త కాదు. మెట్టవాళ్ళమైన మనకు తెలియలేదు, అంతే.

అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇల్లు దాటితే పిల్లలు హిందీలో ఆడుకుంటారు, ఇంట్లో అమ్మతో తెలుగు. ఇది మనకు కొత్త సంగతా? మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సంతలో రెండూ కలిపి. ఓడ అంటే తెలుగు, హడగు అంటే కన్నడం అని రెండు మాటలూ తెలిసిన పిల్లవాడికి నష్టమేమీ లేదు. నష్టం ఎప్పుడంటే, ఒకదాన్ని చూసి సిగ్గుపడి దాచుకున్నప్పుడు. ఆ పెద్దామె యాభై ఏళ్ళుగా హిందీ, బెంగాలీ నడుమ ఉండి కూడా తన "ఏటి బావూ"ను దాచుకోలేదు. మనం మన "యాడికప్పా"ను ఎందుకు దాచుకోవాలి?

మూడో రోజు ఉదయం నీళ్ళమీద ఆకులు, కొమ్మలు కనిపించాయి. తరువాత ఒక పక్షి. తరువాత ముదురాకుపచ్చ గీత. రేవు దీవికి తూర్పుముఖాన ఉంది కనుక పడమటినుంచి వచ్చే మన ఓడ దక్షిణాన చుట్టుకొని పోవాలి. అడవి నీటి అంచుదాకా వచ్చి నిలబడి ఉంటుంది. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన. మన జిల్లాకు పడేది అందులో నాలుగో వంతుకు అటూ ఇటూ. హాడో రేవులో ఓడ ఆగింది. ఒడ్డుమీద కాలు పెట్టగానే నేల ఊగుతున్నట్టు ఉంటుంది. ఒక పూటకు సర్దుకుంటుంది.

ఆ ఊళ్ళో అందరూ మొదట చూసేది సెల్యులర్ జైలు. సముద్రం దాటితే కులం పోతుందని మనవాళ్ళు నమ్మే రోజుల్లో ఆంగ్లేయులు ఆ భయాన్నే శిక్షగా వాడుకున్నారు. దాని పేరే కాలాపానీ. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో రెండు వందలమంది ఖైదీలను మొదటిసారి ఈ దీవికి తెచ్చి దింపారు. జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఏడు రెక్కలు, ఏడు వందలకు దగ్గర గదులు, గదికి ఒక్క మనిషి. ఒకరి ముఖం ఒకరికి కనిపించకూడదని కట్టిన కట్టడం. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. 1979లో జాతీయ స్మారకం చేశారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జరిగిన కాల్పుల కథ వింటూ పెరిగిన మన జిల్లావాళ్ళకు ఆ గదుల ముందు నిలబడితే ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పనక్కరలేదు. మనవాళ్ళు ఇదే నీటిమీద, ఇన్ని రోజులూ, ఓడ అడుగున సంకెళ్ళతో వచ్చారు. మనం మజ్జిగ తాగుతూ వచ్చాం.

సముద్రం ఎప్పుడూ మెత్తగా ఉండదు. 2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన సునామీ ఈ దీవులను, ముఖ్యంగా నికోబార్‌ను, చావుదెబ్బ కొట్టింది. మన దేశపు దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ దగ్గర భూమే నాలుగు మీటర్ల దాకా కుంగిపోయింది, దీపస్తంభం అడుగు నీళ్ళలో నిలిచింది. అప్పుడు కూడా మనుషులను, బియ్యాన్ని, మందులను మోసినవాటిలో ఓడలే ముఖ్యం. ఆ తరువాత దారి కొంత మెరుగైంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు పని మొదలుపెట్టింది. దాని పొడవు దీవుల మధ్య కలిపి దాదాపు 2,300 కిలోమీటర్లు. పైన ఓడ మూడు రోజులు పోయే దారిలో, కింద మాట క్షణంలో పోతోంది. అయినా మనిషి పోవాలంటే మాత్రం ఓడో విమానమో కావాలి.

పోదలచుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. జూన్ నుంచి సముద్రం పోటుమీద ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం. పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే సెలవులు సరిపోతాయి. తేదీలు బిగించి పెట్టుకోకండి, చేతిలో రెండు రోజులు మిగులు ఉంచుకోండి. ఓడ ఎక్కగానే మీ లైఫ్ జాకెట్ ఎక్కడుందో, మీ భాగానికి ఏ పడవో చూసుకోండి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందరికీ సరిపడా పడవలు లేవు. దాని ఫలితంగానే 1914లో ప్రపంచ దేశాలు ఓడల రక్షణకు ఒప్పందం చేసుకున్నాయి. ఆ కసరత్తు చేయించేటప్పుడు నవ్వుకుంటూ కూర్చోవద్దు. దీవుల్లో ఆదివాసుల అడవులకు 1956నాటి చట్టం రక్షణగా ఉంది. జారవాలను ఫోటోలు తీయడం, తినేవి విసరడం నేరం. చట్టం సంగతి అటుంచి, మన ఇంటిముందు ఎవరైనా నిలబడి మనల్ని అట్లా చూస్తే మనం ఒప్పుకుంటామా?

చివరగా తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. అండమాన్ దాకా అందరూ పోలేకపోవచ్చు. కనీసం ఒక్కసారి పిల్లలను చెన్నై రేవుకో, నెల్లూరు తీరానికో, మంగళూరుకో తీసుకుపోండి. 2008లో చెన్నై కేంద్రంగా భారత సముద్ర విశ్వవిద్యాలయం వచ్చింది, విశాఖలోనూ దాని ఆవరణ ఉంది. ఓడ నడిపే చదువు, ఓడ కట్టే చదువు చెబుతారు. సముద్రం చూడని పిల్లవాడికి ఆ చదువు తనదని ఎట్లా తోస్తుంది? మన బండనేలలో పుట్టిన ఏర్లు ఎవరూ దారి చూపకుండానే సముద్రానికి పోతున్నాయి. మన పిల్లలకు మాత్రం ఎవరో ఒకరు దారి చూపాలి. ఆ పని మనదే.